కర్నూలు, కడప, అనంతపురం నీళ్లలో గాలం: ఎక్కడ, ఎప్పుడు, ఏ ఎరతో?

ఉప్పుటేరు (కర్నూలు):
అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా తీరప్రాంతం. చిన్నప్పటి నుంచి కృష్ణపట్నం చుట్టుపక్కల ఉప్పుటేర్లలో, సెలవుల్లో పులికాట్ ఒడ్డున గాలం వేస్తూ పెరిగాను. ఉద్యోగం మీద కర్నూలు వచ్చి ఆరు నెలలైంది. తుంగభద్ర మీది సుంకేసుల ఆనకట్ట దగ్గర, హంద్రి తుంగభద్రలో కలిసే చోట, కేసీ (కర్నూలు-కడప) కాలువ గట్టున కలిపి ఇప్పటికి ఏడు ఆదివారాలు కూర్చున్నాను. దక్కినవి వేలెడంత జెల్లలు నాలుగు.

మా వైపు లెక్క వేరు. పోటు ఎక్కేటప్పుడు చిన్న చేపల గుంపులు ఏటిలోకి వస్తాయి, వాటి వెంట పండుగప్ప వస్తుంది. ఆటు మొదలయ్యాక మలుపుల దగ్గర కాచుకుంటే చాలు. అమావాస్యకు, పౌర్ణమికి నీటి పరుగు ఎక్కువ. ముందురోజు రాత్రే మరునాటి వేళ చెప్పేయగలం. ఇక్కడ నీళ్లకు నాకు ఏ వేళా పట్టుబడడం లేదు. ఎర కూడా అక్కడిలాగే పచ్చి రొయ్యలు వాడుతున్నాను. చోటు, వేళ, ఎర, ఈ మూడింటిలో ఎక్కడ తప్పుతున్నానో తెలిసినవారు చెప్పండి.

తుంగ పుట్టి (కర్నూలు):
తమ్ముడూ, మాది బెస్త ఇల్లు. నాన్న పుట్టి (గుండ్రటి చిన్న పడవ) మీద వెళ్లి వల వేసేవారు, నేను ఇప్పటికీ వేస్తున్నాను. ఇక్కడి నీటికి కూడా వేళ ఉంది. మీ ఏటిని చంద్రుడు ఎక్కించి దించుతాడు, మా ఏటిని గేట్లు ఎక్కించి దించుతాయి. హోసపేట దగ్గర తుంగభద్ర ఆనకట్ట నుంచి ఎంత వదిలారు, సుంకేసులలో ఎంత ఆపారు, కేసీ కాలువకు ఎంత తోలారు, ఇదీ మా పంచాంగం.

ఒడ్డుకు చేరగానే గాలం తీయకండి. ముందు నీటి అంచున ఒక పుల్ల గుచ్చండి. ఎర కలుపుకోండి, దారం సరిచేసుకోండి, అరగంట తర్వాత పుల్లను చూడండి. నీరు పుల్లను దాటి ఒడ్డుకు వచ్చిందంటే ఏరు ఎక్కుతోంది. నిన్నటిదాకా ఎండిన నేల మునిగితే అందులోని పురుగులు, వానపాములు, గడ్డి గింజలు చేపకు విందు. పెద్ద చేప కూడా మోకాలి లోతుకు వస్తుంది. అలాంటప్పుడు ఏటి నడుమకు విసిరితే ఎర చేపకు వెనకవైపు పడుతుంది. పుల్ల ఎండిపోయిందంటే నీరు తగ్గుతోంది, చేప మడుగుల్లోకి, బండల పక్కన లోతుకు దిగుతుంది. ఏడు ఆదివారాల్లో మీరు ఒక్కసారైనా పుల్ల గుచ్చారా?

ఇక రొయ్య. ఇక్కడి పెద్ద చేపల్లో ఎక్కువ భాగం బొచ్చె, రోహు, మోసు, బంగారుతీగ. వాటికి రొయ్య మీద ఆశ లేదు. ఆ వాసనకు వచ్చేది జెల్లే, అది వచ్చింది కూడా.

కేసీ కాలువ గట్టు (నంద్యాల):
అన్న చెప్పింది అక్షరాలా నిజం. ఎర గురించి నేను చెబుతాను, ఇరవై ఏళ్లుగా నా పిచ్చి అదే.

మన దగ్గర వేరుశనగ చెక్కకు కరువు లేదు. గానుగ దగ్గర తాజా చెక్క తీసుకోండి, పాతబడి కనరు వాసన వచ్చినది వద్దు. పొడి చేసి, వేయించిన తవుడు సమంగా కలిపి, అంటు కోసం కొంచెం మైదా చేర్చి, ఏ నీటిలో గాలం వేస్తారో ఆ నీటితోనే తడపండి. ముద్ద నీటిలో పడ్డాక పది, పదిహేను నిమిషాల్లో మెల్లగా విచ్చుకోవాలి. రాయిలా ఉంటే వాసన పారదు, పడగానే విడిపోతే గాలం ఒట్టిదవుతుంది. ఇంటి దగ్గర బకెట్టులో వేసి చూసుకుని వెళ్లండి.

చేప నోరు చూస్తే అది ఎక్కడ మేస్తుందో తెలుస్తుంది. బొచ్చెకు నోరు పైకి తిరిగి ఉంటుంది, అది పైనీటిలో తేలే సూక్ష్మజీవులను మేస్తుంది. అందుకే బెండు కట్టి, ఎరను రెండు మూడు అడుగుల లోతులో వేలాడదీయాలి. కోస్తాలో శీలావతి అనే రోహు నడిమి నీటిది. మోసు, బంగారుతీగ అడుగున బురదను వెతుక్కుంటాయి, వాటికి సీసం గుండు కట్టి నేలకు దించాలి. ఒకే లోతులో గాలం పెట్టి రోజంతా కూర్చుంటే మిగతా రెండు అంతస్తుల చేప మీ ఎరను చూడదు.

ఇంకొక మాట. గాలం వేసే చోట ముందురోజు సాయంత్రం రెండు గుప్పిళ్ల మేత చల్లి రండి. రెండు గుప్పిళ్లే. బస్తాలు గుమ్మరిస్తే అది అడుగున కుళ్లి నీటిని పాడు చేస్తుంది.

ఉప్పుటేరు (కర్నూలు):
లేదన్నా, పుల్ల ఎప్పుడూ గుచ్చలేదు. ఎప్పుడూ నడుమకే విసిరాను. ఇద్దరికీ కృతజ్ఞతలు. వేసవిలో ఎలా? ఏప్రిల్‌లో నది చాలా చోట్ల బండలే మిగిలాయి.

తుంగ పుట్టి (కర్నూలు):
వేసవిలో మడుగులే దిక్కు. పగటి ఎండకు నీరు వేడెక్కి చేప ముట్టదు. తెల్లవారుజామున గంట, పొద్దు వాలాక రెండు గంటలు, అంతే. పొద్దు వాలాక బండల సందుల్లోంచి వాలుగ బయటికి వస్తుంది. దానికి కోడి పేగులు, చిన్న చేప ముక్కలు ఎర. సన్నటి పళ్లు వరుసలుగా ఉంటాయి, నైలాన్ దారాన్ని కొరికేస్తుంది. గాలానికి జానెడు ఉక్కు తీగ కట్టండి. నోట్లో వేలు మాత్రం పెట్టకండి.

కానీ ఎండిపోతున్న మడుగులో చేప తప్పించుకునే దారి లేక నిలిచి ఉంటుంది. దాన్ని పట్టడంలో నేర్పేమీ లేదు. మళ్లీ నీళ్లు వచ్చినప్పుడు ఏటికి విత్తనం అక్కడి నుంచే వెళ్లాలి. కూరకు సరిపడా తీసుకుని లేచి రండి.

చెరువు కట్ట (అనంతపురం):
నది గురించి నాకు అంతగా తెలియదు, మావన్నీ చెరువులే. బుక్కరాయసముద్రం, శింగనమల, ధర్మవరం చెరువుల్లో నీళ్లున్న ఏడాది మాకు పండుగ, లేని ఏడాది గాలాలు అటక మీద ఉంటాయి.

చెరువులో కొరమీను కోసం వెళ్లేవారికి ఒక గుర్తు. అది మొప్పలతో పాటు పైగాలిని కూడా పీల్చుకుని బతికే చేప. కొన్ని నిమిషాలకు ఒకసారి పైకి వచ్చి, నీటిపై చిన్న ఉంగరం వదిలి దిగుతుంది. జమ్ము, తుంగ మొలిచిన అంచున నిలబడి, కదలకుండా పావుగంట చూస్తే అది ఉన్న చోటు తెలిసిపోతుంది. ఎరగా వాడే రబ్బరు కప్పను ఆ ఉంగరం మీద కాక రెండు బారల అవతల పడేసి, ఆగి ఆగి లాగుతూ దాని దారిలోకి తేవాలి. కాటు పడగానే లాగేయకండి. రెండు మూడు లెక్కపెట్టి అప్పుడు కర్ర ఎత్తండి. తొందరపడితే కప్ప ఒక్కటే చేతికి వస్తుంది. తెల్లటి చొక్కా వేసుకుని గట్టు మీద నిలబడితే ఏదీ రాదు.

మబ్బు పట్టిన రాత్రి గడిచాక తెల్లవారి పచ్చటి చెరువులో చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తూ కనిపిస్తాయి. కొత్తవారు ఆకలితో వచ్చాయనుకుంటారు. అది ఆక్సిజన్ చాలక. ఆ పూట ఏ ఎరా ముట్టవు. ఎండ వచ్చి, నాచు మళ్లీ ఊపిరి పోశాక పది గంటల ప్రాంతంలో ప్రయత్నించండి.

రబ్బరు కప్ప (ప్రొద్దుటూరు):
కొరమీనుకు ఇంకా సులువైన దారి ఉంది. వానాకాలంలో నీటిపై ఎర్రటి పిల్లల గుంపు ఉడుకుతున్నట్టు కదులుతుంది. కిందే తల్లి, తండ్రి ఉంటాయి. ఆ గుంపు మధ్య కప్పను వేస్తే ఆకలి లేకపోయినా వచ్చి కొడతాయి. నాకు దక్కిన పెద్దవన్నీ అలా దక్కినవే.

చెరువు కట్ట (అనంతపురం):
సోదరా, దయచేసి ఆ పద్ధతి మానండి. అది ఎరకు ఆశపడి రావడం లేదు, పిల్లలకు అడ్డం పడుతోంది. దాన్ని పట్టిన అరగంటలో జెల్లలు, జిలేబి చేపలు ఆ గుంపును ఖాళీ చేస్తాయి. వందల పిల్లలు పోతాయి. మా చెరువులో ఒక వానాకాలం అందరూ అలాగే పట్టారు, తర్వాత రెండేళ్లు ఆ జమ్ములో నాకు ఉంగరం కనిపించలేదు. నేనూ ఒకసారి ఆ పని చేశాను. మిగిలిన గుంపు చెదిరి ఒడ్డు వెంట తిరగడం చూశాక ఎర్రటి గుంపు కనిపిస్తే దారం చుట్టేసుకుంటున్నాను.

రబ్బరు కప్ప (ప్రొద్దుటూరు):
పిల్లల సంగతి నేను అంత ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను. ఈ వానాకాలం ఆ పని చేయను.

గండికోట గాలం (జమ్మలమడుగు):
జలాశయాల మాట ఎవరూ ఎత్తలేదు. గండికోట నిండితే 26.85 టీఎంసీలు. ఆ వెడల్పు చూసి కొత్తవారు బెదిరిపోతారు, ఎక్కడ వేయాలో తెలియదు. అంత నీటిలోనూ చేప అన్నిచోట్లా ఉండదు. నేల ఒక్కసారిగా లోతుకు దిగే అంచు, మునిగిన చెట్టు, పాత వాగు కాలువ, ఈ మూడు చోట్లే వెతకాలి. నీళ్లు తగ్గిన వేసవిలో ఒకసారి వెళ్లి ఫోనులో ఫొటోలు తీసుకుని, గుర్తులు రాసుకోండి. నిండాక ఆ ఫొటోలే దారి చూపుతాయి. మైలవరం, వెలుగోడు, అవుకు, ఎక్కడైనా ఇదే పద్ధతి.

గాలి ఒకే దిక్కున రెండు మూడు రోజులు వీస్తే, గాలికి ఎదురుగా ఉన్న ఒడ్డుకు వెళ్లండి. పైనీటి మేత అంతా అటే కొట్టుకుపోతుంది, వెనకే బొచ్చె పోతుంది. ముఖానికి గాలి, జల్లు కొడుతుంటే విసరడం కష్టమే. అయినా చేప అక్కడే.

మునిగిన గోడల దగ్గర కూడా చేప బాగా చేరుతుంది.

పెన్న ఒడ్డు (కొండాపురం):
అన్నా, ఆ గోడల గురించి ఒక్క మాట. తాళ్లప్రొద్దుటూరులో మా మేనమామ ఇల్లు ఉండేది. ఇప్పుడు ఆ ఊరు గండికోట నీళ్ల కింద ఉంది. గాలం వేయవద్దని అనను, నేనూ వేస్తాను. కాకపోతే గోడకు చిక్కుకున్న దారాన్ని తెంపి వదిలేయకండి. నీళ్లు దిగినప్పుడు మేము ఇంటి జాగా చూసుకోవడానికి వెళ్తాం. పోయినసారి గడపకు గాలాలు, దారాలు చుట్టుకుని ఉన్నాయి. మా అత్త ఒక్కొక్కటే విప్పింది.

గండికోట గాలం (జమ్మలమడుగు):
క్షమించండి. ఆ సంగతి నాకు తట్టలేదు. ఇకపై గోడల వైపు వేయను, వాగు కాలువ అంచు చాలు.

వీరాపురం కొంగ (హిందూపురం):
దారం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా వైపు వీరాపురంలో ఊరి చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు ఏటా గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటిని ఇంటి బిడ్డల్లా చూస్తారు. అవి పిల్లలకు మేత తెచ్చేది చుట్టుపక్కల చెరువుల నుంచే. ఒడ్డున వదిలిన నైలాన్ దారం కాలికి చుట్టుకుంటే ఆ కొంగ మళ్లీ ఎగరలేదు. తెగిన దారాన్ని జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళ్లండి.

ఉప్పుటేరు (కర్నూలు):
ఒక సందేహం. పెన్న మా జిల్లాలోనే ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మరి కడప వైపు పండుగప్ప ఎందుకు రాదు? మా ఏటిలో ఉప్పు తగ్గిన చోట కూడా దొరుకుతుంది కదా.

సోమశిల వెనకనీళ్లు (ఒంటిమిట్ట):
పండుగప్ప గుడ్లు పెట్టేది ఉప్పునీటిలో, నది మూతికి దగ్గరలో. పిల్లలు ఉప్పుటేర్లలోకి, అక్కడి నుంచి మంచినీటిలోకి ఎక్కి పెరుగుతాయి. మొదట మగవిగా ఎదిగి, పెద్దయ్యాక ఆడవిగా మారి, గుడ్లకు మళ్లీ కిందికి దిగుతాయి. అంటే దానికి పైకీ కిందికీ దారి తెరిచి ఉండాలి. 597 కిలోమీటర్ల పెన్నకు నెల్లూరు దగ్గర, సంగం దగ్గర ఆనకట్టలు, ఆపైన సోమశిల. ఆ గోడ దాటి చేప ఎక్కలేదు. ఆనకట్టలు లేకపోయినా పెన్న ఏడాదిలో చాలా నెలలు ఇసుకే, చేప నడిచి రాలేదు కదా. అందుకే మా వెనకనీళ్లలో దొరికేవి బొచ్చె, రోహు, వాలుగ, జిలేబి చేప. మీ ఉప్పుటేటి నేర్పు మాత్రం ఇక్కడ వృథా కాదు. పోటులో చిన్న చేప వెంట పెద్దది వస్తుందని మీకు తెలుసు. సోమశిల నిండేటప్పుడు నందలూరు, అట్లూరు వైపు పొలాలు మునిగే అంచున వాలుగ అలాగే వస్తుంది.

కేసీ కాలువ గట్టు (నంద్యాల):
చెరువుల విషయంలో ఒక జాగ్రత్త. చాలా చెరువులు మత్స్యకారుల సహకార సంఘాలకు లీజుకు ఇచ్చినవి. అందులోని బొచ్చె, రోహు, మోసు పిల్లలను వాళ్లే డబ్బు పెట్టి కొని వదులుతారు, ఎందుకంటే ఈ మూడూ నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, వాటికి వానాకాలపు పారే నీరు కావాలి. కొత్తలో నేను అడగకుండా ఒక చెరువులో రెండు బొచ్చెలు పట్టాను. సంఘం పెద్దాయన వచ్చి తిట్టలేదు, ‘బాబూ, ఈ చెరువు మీద 40 ఇళ్లు ఉన్నాయి’ అన్నారు. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. అడిగి, వాళ్లు చెప్పినంత ఇచ్చి కూర్చోండి. చాలామంది సంతోషంగా చోటు కూడా చూపిస్తారు.

తుంగ పుట్టి (కర్నూలు):
మంచి మాట రాశారు. అలాగే నాటుబాంబు వేసేవాళ్లను, నీటిలో విషపు మందు కలిపేవాళ్లను చూస్తే ఊరుకోకండి. 1897 నాటి మత్స్య చట్టం నుంచే అది నేరం. ఒక పేలుడుకు తేలేది పది చేపలు, అడుగున చచ్చి కుళ్లేది వందలు. పుట్టి మీద వెళ్లి చూసినవాణ్ణి, చెబుతున్నాను.

ఇంకో ముఖ్యమైన విషయం, ప్రాణం. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఈ ఒడ్డున అందరం నిద్రపోలేదు. అంత పెద్దది కాకపోయినా మామూలుగా గేట్లు ఎత్తినా చాలు, నడి బండ మీద కూర్చున్నవాడికి వెనక దారి మునిగిపోతుంది. నది మధ్య బండలెక్కి గాలం వేయకండి. పుల్ల అరగంటలో జానెడు మునిగితే సామాను సర్దుకోండి. తుంగభద్రలో, కృష్ణలో మొసళ్లు ఉన్నాయి. మోకాలి లోతులో దిగి చేపను అందుకోకండి, పొడవాటి పిడి ఉన్న చేతివల కొనుక్కోండి. శ్రీశైలం వెనకనీళ్ల అడవి ఒడ్డు పులుల అభయారణ్యం, అనుమతి లేకుండా అటు వెళ్లవద్దు.

చెరువు కట్ట (అనంతపురం):
సిమెంటు కట్టిన కాలువ గట్లు కూడా. నాచు పట్టిన ఏటవాలు మీద జారితే ఈత వచ్చినవాడు కూడా ఎక్కలేడు. మా స్నేహితుణ్ణి తాడు వేసి లాగాం. తాడు ఉండబట్టి లాగాం. సంచిలో పది బారల తాడు పెట్టుకోకుండా నేను ఇప్పుడు ఇల్లు కదలను.

ఉప్పుటేరు (కర్నూలు):
నిన్న ఆదివారం సుంకేసులకు దిగువన కూర్చున్నాను. ఐదున్నరకు పుల్ల గుచ్చాను. ఆరు దాటాక చూస్తే నాలుగు వేళ్ల మేర మునిగింది. చెక్క, తవుడు ముద్ద, సీసం గుండు కట్టి, ఒడ్డుకు పది అడుగుల దూరంలోనే వేశాను. అంత దగ్గర వేయడానికి చెయ్యి ఒప్పుకోలేదు, అయినా వేశాను. ఏడుంపావుకు కర్ర కొన వంగింది. కిలోన్నర మోసు. తర్వాత అరచేయంత రోహు ఒకటి, దాన్ని వదిలేశాను. తుంగ పుట్టి అన్నా, ఆ మోసు మీది.

తొమ్మిదికల్లా నీరు నిలిచిపోయింది, మళ్లీ ఏదీ ముట్టలేదు. ఇంటికి తెచ్చి వండితే కొంచెం బురద వాసన వచ్చింది. మా సముద్రపు చేపకు ఆ బాధ లేదు. ఏం చేయాలి?

సంగటి ముద్ద (కడప):
ఆ వాసన నీటిలోని నాచు, మట్టిలోని సూక్ష్మజీవుల వల్ల చేప కండలో చేరుతుంది. పులుపుకు అది విరుగుతుంది. కడుపు లోపలి నల్లటి పొర పూర్తిగా గీకేయండి. ముక్కలకు రాళ్ల ఉప్పు, పసుపు పట్టించి, పలుచటి చింతపండు నీళ్లలో పావుగంట ఉంచి కడగండి. పులుసులో చింతపండు ఒక వంతు ఎక్కువ వేసి, దించే ముందు మెంతిపొడి, దంచిన వెల్లుల్లి వేయండి. మోసుకు సన్నటి ముళ్లు ఎక్కువ, పిల్లలకు తోక వైపు ముక్కలు పెట్టకండి. రాత్రి వండి పొద్దున సంగటితో తింటే ఇంకా బాగుంటుంది.

తుంగ పుట్టి (కర్నూలు):
సంతోషం తమ్ముడూ. వచ్చే ఆదివారం నేను కూడా వస్తాను. ఐదింటికి సుంకేసుల గట్టు మీద ఉండండి. సీసం గుండు ఇంకా చిన్నది కట్టండి, మోసు బరువు తెలిస్తే ఎరను ఉమ్మేస్తుంది.